సారు గొంతు తీసేసిన పాట

మొన్న శ్రావణంలో మా కాలనీలో ఒక పెళ్లి జరిగింది. సాయంత్రం బరాత్ సరిగ్గా మా ఇంటి ముందుకు వచ్చి ఆగింది. లారీ నిండా డీజే డబ్బాలు. కిటికీ అద్దాలు గడగడలాడుతున్నాయి. కరీంనగర్‌లో ఉన్నాక ఇది తప్పదులే అని తలుపులు బిగించబోతుంటే, ఆ దరువుల మధ్య నుంచి ఒక ఆడమనిషి గొంతు లేచింది.

“ఏ తొవ్వల ఉన్నవు కొడుకా... నీ బువ్వ సల్లారుతాంది కొడుకా...”

వెంటనే దరువు. మళ్లీ అదే ముక్క, మళ్లీ దరువు. పెళ్లికొడుకు మేనమామలు తువ్వాళ్లు తిప్పుతూ చిందులేస్తున్నారు. ఆడపడుచులు ఈలలు వేస్తున్నారు. ఎవరో కాగితం పూలు పేల్చారు.

నేను గేటు పట్టుకుని నిలబడిపోయాను. ఆ గొంతు నాకు తెలుసు. ఆ మాటలు పుట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను. అది పాట కాదు. లక్సెట్టిపేటలో ఒక తల్లి, బొగ్గుబాయిలో పోయిన కొడుకు ఇంకా ఇంటికి చేరకముందే ఎత్తుకున్న శోకం. చావు జరిగిన చోట తప్ప దాన్ని ఎక్కడా వినిపించనని ఒక మనిషి ఆమెకు మాటిచ్చాడు. బతికున్నన్నాళ్లూ ఆ మాట జవదాటలేదు. ఆయన పోయింది ఈ ఆషాఢంలోనే. నెల తిరిగిందో లేదో, ఆ ఏడుపు మీద జనం ఎగురుతున్నారు.

ఆయన కోసం ఏడవడం అప్పటికి అయిపోయిందనుకున్నాను. ఆ సాయంత్రం కూడా ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు, అందుకే ఆయన గురించి రాయాలని కూర్చున్నాను.

మేమిద్దరం ఒకే కాలేజీలో పనిచేశాం. నేను తెలుగు చెప్పేదాన్ని, ఆయన చరిత్ర చెప్పేవాడు. కానీ ఆయన అసలు చదువు వేరు. ప్రపంచంలో ఏ మనుషులు ఏ వేళ ఏం పాడుకుంటారో, ఎందుకు పాడుకుంటారో, వాళ్ల మధ్యకు పోయి వాళ్లతో ఉండి తెలుసుకునే చదువు. ఎక్కడో వేరే రాష్ట్రంలో చదివి వచ్చాడు. ఆ చదువుకు మన దగ్గర ఉద్యోగం లేదు. అందుకని పిల్లలకు రాజుల పేర్లు చెప్తూ, సెలవు దొరికితే చాలు పాటలు రికార్డు చేసే మిషను సంచీలో వేసుకుని ఊళ్లు పట్టుకుని తిరిగేవాడు. అందరూ ఆయన్ను రికార్డు సారు అనేవాళ్లు.

“అయితే మీరు సంగీతం నేర్చుకున్నరా సార్?” అని ఎవరన్నా అడిగితే నవ్వేవాడు.

“సంగీతం కాదయ్యా. నేను నేర్చింది కూసునే శాస్త్రం.”

ఆ శాస్త్రంలో ఆయనకు సాటి వచ్చేవాళ్లను నేను చూడలేదు. ఒక వాకిట్లోకి పోతే “పాడుండ్రి” అని అడిగేవాడు కాదు. పోయి కూర్చునేవాడు. వాళ్లు చిక్కుడుకాయలు ఒలుస్తుంటే తనూ ఒలిచేవాడు. బీడీలు చుట్టే ఆడవాళ్ల దగ్గర కూర్చుని తునికాకు కత్తిరించడం, తంబాకు నింపడం, దారం కట్టడం నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడు అంటున్నాను గానీ, వాళ్లు ఒప్పుకోలేదు. “సారు సుట్టిన బీడి తాగితె పొగ చెవులకెల్లి అస్తది” అని నవ్వేవాళ్లు. ఆ నవ్వుల్లోంచి, ఆ పనిలోంచి, ఎప్పుడో ఒకప్పుడు పాట దానంతటదే వచ్చేది. అప్పుడు ఆయన నా వైపు చూసి కనుబొమలు ఎగరేసేవాడు. వెంట ఒక ఆడమనిషి ఉంటే మంచిదని నన్ను రమ్మనేవాడు. కూర్చుని కూర్చుని నా మోకాళ్లు అప్పుడే పోయాయి.

ఆయన గొంతు గురించి కూడా చెప్పాలి. చొప్పదండి దగ్గర సాంచాల ఇంట్లో పుట్టాడు. మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు. ఆ చప్పుడు మీద మాట వినబడాలంటే అరవాల్సిందే. ఇంటిల్లిపాదీ అట్లా అరిచీ అరిచీ, చెవిలో చెప్పే మాట కూడా నాలుగు ఇండ్లకు వినపడేట్టు చెప్తారు. ఈయనా అంతే. పెద్ద గొంతు, పైగా బొంగురు. పాటలు సేకరించే మనిషికి ఒక్క పల్లవి కూడా పాడే యోగం లేదు.

ఆ గొంతుతో ఆయన రోజుకు ఎన్నిసార్లు అనేవాడో తెలియని మాట ఒకటుంది. “అడిగినవా?”

స్టాఫ్‌రూంలో ఎవరన్నా సంతలో గాజులమ్మే ఆమె ఫొటో తీసి చూపిస్తే, “మంచిగున్నది. అడిగినవా?” అనేవాడు. పిల్లవాడు రాసిన కవితను ప్రిన్సిపల్ గారు గోడపత్రికలో పెట్టిస్తే, అందరి ముందరా “వాన్ని అడిగిండ్రా సార్?” అన్నాడు. పక్కింటి కరివేపాకు రెమ్మ తెంపినందుకు ఒకసారి నన్నూ అడిగాడు. ఈయనతో పెద్ద పరేషాన్ అని సగం కాలేజీ మొహం తిప్పుకునేది.

పాటల దగ్గర ఆ పట్టుదల ఇంకా ఎక్కువ. రికార్డు చేసిన పాటను ఊరు దాటకముందే పాడినవాళ్లకు మళ్లీ వినిపించేవాడు. “ఇది తీసుకపోవాల్నా, ఇక్కడనే తుడిచేసి పోవాల్నా?” అని అడిగేవాడు. సరేనంటే, ఆ పాట ముందర తన గొంతు చేర్చేవాడు. ఎవరు పాడారు, ఏ పని చేస్తూ పాడారు, దీన్ని ఎక్కడ వినిపించవచ్చు, ఎక్కడ వద్దన్నారు. “కాగితం మీద రాస్తే కాగితం ఒక దిక్కు పోతది, పాట ఒక దిక్కు పోతది. మాట పాటకు అంటుకొని ఉండాలె” అనేవాడు.

ఆదిలాబాద్ అడవి పక్క ఊళ్లో ఒకసారి ఇట్లాగే అయింది. ఎన్ని ప్రయాణాల తర్వాత దొరికిందో, ఒక దేవర పాట. పాడిన పెద్దమనిషి కూడా చాలా సంతోషంగా ఉన్నాడు. సారు దాన్ని మళ్లీ వినిపించాడు. పెద్దమనిషి వింటూ వింటూ తల అడ్డంగా ఊపాడు.

“నకో సాబ్. గిది దేవుని ముంగట పాడేది. గూడెం దాటద్దు.”

ఈయన ఇంకో మాట మాట్లాడకుండా, అందరూ చూస్తుండగానే తుడిచేశాడు. తుడిచిన తర్వాత ఖాళీగా తిరుగుతున్న క్యాసెట్ కూడా వినిపించాడు. తిరుగు బస్సులో నేను తిట్టాను. అంత మంచి పాట, ఆ ముసలాయన తర్వాత పాడేవాళ్లెవరు, కొంచెం బతిమాలితే పోయేది కాదా అని.

“వద్దన్నంక ఉంచుకుంటె అది పాట గాదు మేడం. దొంగసొత్తు” అని కిటికీ వైపు తిరిగి నిద్రపోయాడు.

ఆ శోకం ఎత్తుకున్న లక్సెట్టిపేట అవ్వ దగ్గరికి మొదటిసారి పోయినప్పుడు జరిగింది మాత్రం ఆయన బతుకంతా చెప్పుకున్నాడు. అవ్వంటే అప్పటికి అంత ముసలిదేమీ కాదు. బీడీలు చుట్టే వాడకట్టుకంతా పెద్ద దిక్కు. చుడుతూ పాడుతుంటే చేతులు ఒకచోట, గొంతు ఇంకోచోట ఉన్నట్టుండేది. వాళ్ల పాటలు విన్నాక ఈయన, “నేను గుడ తెచ్చిన, ఇంటరా?” అని తన చదువులో దొరికిన ఒక క్యాసెట్ పెట్టాడు. ఏదో సముద్రం నడుమ దీవిలో ఆడవాళ్ల పాట. ఆ భాష మాలో ఎవరికీ తెలియదు. ఆయన కూడా అదేమిటో చెప్పలేదు.

కొంతసేపటికి అవ్వ చేతులు ఆగాయి. చాట పక్కకు పెట్టింది.

“ఎవలు వోయిండ్రు?” అని అడిగింది.

ఆయన మొహం వెలిగిపోయింది. నిజంగానే అది ఆ దీవి ఆడవాళ్లు చావు ఇంట్లో ఏడ్చే ఏడుపు. తర్వాత నెలల తరబడి, కనబడ్డ ప్రతివాడికీ ఇదే చెప్పాడు. “ప్రపంచ సంగీతం గురించి ఎన్ని పుస్తకాలు చదివితె ఏంది మేడం? విన్నంక ఎవలు వోయిండ్రని అడిగే మనిషి కావాలె.”

ఆ తర్వాత ఇంకో రోజు అదే వాకిట్లో అందరం కూర్చుని ఉన్నాం. బీడీల చాటల నడుమ మిషను తిరుగుతోంది. బాయి వైపు నుంచి ఒక మనిషి సైకిల్ మీద వచ్చి, దిగి, ఏమీ అనకుండా నిలబడ్డాడు. అవ్వ కొడుకు పొద్దుటి షిఫ్టుకు పోయాడు. అవ్వ సైకిల్ మనిషి మొహం చూసింది, అంతే. కొడుకు కోసం మూతపెట్టిన గిన్నె అక్కడే పొయ్యి పక్కన ఉంది. దాని వైపు చూసి ఎత్తుకుంది. “ఏ తొవ్వల ఉన్నవు కొడుకా...”

అందరం ఆమెను పట్టుకోవడంలో ఉన్నాం. ఆయనా అంతే. మిషను సంగతి ఎవరికీ గుర్తులేదు. ఒరిగిపోయిన చాట కింద అది దానంతటది తిరుగుతూనే ఉంది.

ఆ క్యాసెట్‌ను ఆయన వినలేదు, తుడవలేదు. బీరువాలో పెట్టి, ఆ బీరువా తెరవడమే మానేశాడు. ఏడాది తిరిగాక, కొడుకు సంవత్సరీకం అయిపోయాక, నన్ను తీసుకుని లక్సెట్టిపేట పోయాడు. అవ్వ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

“అవ్వా, నిన్ను అడగకుండ నీ ఏడుపు నా మిషన్ల పడ్డది. తుడిచెయ్యమంటె ఇప్పుడే తుడిచేస్త.”

అవ్వ చుడుతున్న బీడీకి దారం కట్టి చాటలో వేసింది. తర్వాత వినిపించమంది. చివరిదాకా విన్నది.

“ఉండనియ్యి” అంది. “గానాడు నా కొడుకును నేను ఏమేమని పిలిచిన్నో నాకే ఎర్క లేదు సారు. గా మిషన్ల ఉన్నది. ఉండనియ్యి. గని సావు జరిగిన కాడ తప్ప దీన్ని లేపకు.”

“లేపనవ్వా.”

“పెత్రమాసకు అచ్చి నాకొక్కపారి ఇనిపియ్యి.”

అప్పటి నుంచి ఏటా పెత్రమాసకు, అంటే పోయినవాళ్లను తలుచుకునే భాద్రపద అమావాస్యకు, ఆయన లక్సెట్టిపేటలో ఉండాల్సిందే. పొద్దున అవ్వ కొడుకు పేరు మీద అయ్యగారికి బియ్యం ఇచ్చేది. మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి ఆ ఏడుపు ఒకసారి వినేది. తర్వాత ఆయనకు బువ్వ పెట్టేది. కొడుకు కంచంలోనే. ఇంట్లో పెళ్లిచూపులున్నా, కాలేజీలో తనిఖీ ఉన్నా, వానకు రోడ్లు తెగినా ఆయన ఆ ఒక్కరోజు ఆగింది లేదు. క్యాసెట్ల కాలం పోయాక చిన్న డిజిటల్ మిషన్‌లోకి ఎక్కించుకుని, దాన్ని జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు.

పోయే ముందు ఆసుపత్రిలో ఆ మిషను నా చేతికిచ్చాడు. గొంతు మాత్రం అట్లాగే ఉంది. పక్క మంచాల వాళ్లంతా మా వైపు చూశారు.

“పెత్రమాసకు పోవాలె మేడం. మరువద్దు.”

ఇక ఆ పాట డీజేకు ఎట్లా ఎక్కింది? బరాత్ వెళ్లిపోయాక ఆ సంగతి తేల్చుకునేదాకా నాకు నిద్ర పట్టలేదు. రిటైరయ్యాక ఆయన తన రికార్డులన్నీ, ఈ ఏడుపుతో సహా, భద్రంగా దాచమని హైదరాబాదులో ఒక సంస్థకు అప్పగించాడు. దాని పేరు రాసి వాళ్లకు గౌరవం పెంచలేను. ప్రతి పాట ముందరా తన గొంతు ఉంది గదా, విన్నవాడు ముందు తన మాట విని తీరాలి గదా అని ఆయన ధైర్యం. ఆయన చేసిన పొరపాటల్లా మిగతావాళ్లకు కూడా చెవులుంటాయని నమ్మడం.

ఆ సంస్థకు ఫోన్ చేశాను. ఎవరో అధికారి, చాలా మర్యాదగా మాట్లాడాడు.

“అవును మేడం, సారు కలెక్షన్ మొత్తం ఆన్‌లైన్‌లో పెట్టాం. ఎవరైనా వాడుకోవచ్చు. రికార్డింగులు చాలా పాతవి కదా, మా వాళ్లు కష్టపడి క్లీన్ చేశారు.”

“క్లీన్ అంటే?”

“నాయిస్ తీసేశాం. ప్రతి పాటకు ముందు ఎవరో మగమనిషి బొంగురు గొంతుతో మాట్లాడుతుంటాడు. అదంతా కట్ చేసేశాం. ఇప్పుడు ఒట్టి పాటే ఉంటుంది, స్వచ్ఛంగా.”



“ఆ మగమనిషే సారు” అన్నాను. “మరి పాడినామె పేరు?”

“అజ్ఞాత గాయని అని వేశాం మేడం. వివరాలు దొరకలేదు.”

“దొరకలేదా? మీరు కోసి పారేసిన ముక్కలో ఉన్నాయి. ఆమెకు ఊరుంది. ఇల్లుంది. రేషన్ కార్డుంది. ప్రతి ఎన్నికల్లో ఓటేస్తుంది. ఆమె అజ్ఞాత ఎట్లైతది? అది పాట కాదయ్యా, కొడుకు చచ్చిపోతే ఏడ్చిన ఏడుపు. తీసెయ్యండి.”

“మీరు ఒక మెయిల్ పెట్టండి మేడం, కమిటీ ముందు పెడతాం. ఏదేమైనా అంతరించిపోతున్న జానపదం ఇంత మందికి చేరిందంటే సంతోషమే కదా.”

ఆ మాట సారుకు అసలు పడేది కాదు. ఎవరన్నా “అంతరించిపోతున్న” అని మొదలుపెడితే, “మీరు తీసుకపోతుండ్రు. అది అంతరించుడు ఎట్లైతది?” అని మీదికి పోయేవాడు. ఆయన సంస్మరణ సభలో ప్రతి వక్తా ఆ ముక్క అన్నాడు. ఆ సంస్థవాళ్లు కూడా వచ్చి శాలువా కప్పారు, ఫొటోకు. మనిషి ఫొటోకు శాలువా కప్పి, మనిషి గొంతును చెత్తబుట్టలో వేసినవాళ్లను ఏమనాలో ఇన్నేళ్లు తెలుగు చెప్పిన నాకే తెలియడం లేదు. మెయిలైతే పెట్టాను. కమిటీ ఇంకా కూర్చోలేదట.

పెత్రమాస వచ్చింది. మిషను సంచీలో పెట్టుకుని పొద్దున్నే బయలుదేరాను. ధర్మారం దాటాక బస్సు చెడిపోయింది. ఇంకో బస్సు దొరికి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటేసరికి పొద్దు వాలిపోయింది. దారి పొడుగునా నేను ఆలోచించింది ఒక్కటే. సారు పోయిన సంగతి అవ్వకు ఎట్లా చెప్పాలి? ఆమెకు ఫోన్ లేదు, వాడకట్టులో కొత్తగా వచ్చినవాళ్లకు సారెవరో తెలియదు. పొద్దుటి నుంచి ఆమె ఆయన కోసం చూస్తుంటుంది. చెప్పాక, ఈ పాట ఊరేగుతున్న సంగతి ఆమె చెవిన పడకుండా ఎట్లా చూడాలి?

వాడకట్టు మలుపు తిరగగానే వినబడింది.

పెత్రమాస నాడే ఎంగిలిపూల బతుకమ్మ గదా. చౌరస్తాలో బతుకమ్మలు పెట్టి ఆడవాళ్లు చుట్టూ తిరుగుతున్నారు. చప్పట్లూ లేవు, పాడే నోళ్లూ లేవు. పక్కన డీజే డబ్బాలు. “ఏ తొవ్వల ఉన్నవు కొడుకా...” దరువు. “నీ బువ్వ సల్లారుతాంది కొడుకా...” దరువు.

కోపంలో నేను ఎట్లా నడిచానో తెలియదు. డీజే అతని దగ్గరికి పోయి వైరు పట్టుకుని గుంజబోయాను. నెరిసిన గడ్డం, నా తమ్ముడి వయసుంటుంది. అదిరిపడి తనే ఆపాడు.

“ఏమైంది మేడం? మంచి పాటనే గద? దుబాయిల ఉన్న కొడుకు కోసం తల్లి పాడుకున్నదని ఏసిన. మా వాడకట్టుల సగం మంది కొడుకులు ఆడనే ఉండిరి.”

పట్టుకున్న వైరు వదిలేశాను. అతని కొడుకు కూడా అక్కడే ఉన్నాడేమో. ఇంతలో ఆడవాళ్లు పక్కకు తప్పుకున్నారు. గోడ పట్టుకుంటూ అవ్వ వస్తోంది.

“ఎవలు వోయిండ్రు బిడ్డా?” అంది.

“ఎవలు పోలేదవ్వా. బతుకమ్మ పాట” అన్నాడు అతను.

“నా గొంతు నాకు ఎర్క లేదా? గిది నేను ఏడ్సిన ఏడుపు. సారు దీన్ని ఎవలకు ఇయ్యడు. పానం పోయినా ఇయ్యడు.”

అప్పుడు నన్ను చూసింది. నా వెనక ఎవరన్నా ఉన్నారేమోనని చూసింది. సంచీలోంచి తీసి నేను చేతిలో పట్టుకున్న మిషన్‌ను చూసింది. ఆ మిషను సారు చేతిలో తప్ప ఇంకొకరి చేతిలో ఆమె ఎప్పుడూ చూడలేదు.

“గందుకే లేసిందా గిది” అంది మెల్లగా.

అవునని తల ఊపాను. దారంతా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ అవసరం పడలేదు.

అవ్వ అక్కడే, బతుకమ్మల పక్కన కూలబడింది. “పొద్దటి సంది బువ్వ మూతవెట్టి కూసున్న” అంది. అంతే, ఎత్తుకుంది. డబ్బాలు లేవు, దరువు లేదు. గొంతు జీరపోయింది, పలకలేని చోట పలకలేదు. “ఏ తొవ్వల ఉన్నవు కొడుకా... నీ బువ్వ సల్లారుతాంది కొడుకా...” ఈసారి కొడుకు ఎవరో నాకూ ఆమెకూ మాత్రమే తెలుసు. అయినా ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆమె చుట్టూ కూర్చున్నారు. డీజే అతను తలమీది టోపీ తీసేశాడు.

వెనక వరసలో ఇద్దరు ముగ్గురు ఫోన్లు లేపారు. లైట్లు అవ్వ మొహం మీద పడ్డాయి.

“అడిగిండ్రా?” అని అరిచాను. ఆ అరుపు నాదేనా అనిపించింది. అంత పెద్దగా, అంత బొంగురుగా వచ్చింది. ఫోన్లు దిగిపోయాయి.

తర్వాత అవ్వ ఇంటికి పోయాం. కొడుకు కంచంలో బువ్వ తీసి పెట్టి ఉంది, పైన ఇంకో కంచం మూత. అవ్వ నా ఎదురుగా కూర్చుంది. నేను మిషను తీసి, బటన్ వెతుకుతున్నాను.

“నాది వద్దు బిడ్డా. నాది ఇప్పుడే ఇన్న గద” అంది. “సారు గొంతు ఉన్నదా అండ్ల?”

“ఉన్నదవ్వా.”

“గది ఇనిపియ్యి.”

పెట్టాను. ఇల్లంతా నిండిపోయింది ఆ గొంతు.

“ఇంటున్నోళ్లు ఎవలైనా సరే, ముందుగాల నా మాట ఇనుండ్రి. గిది పాట గాదు. లక్సెట్టిపేటల అవ్వ, బాయిల పోయిన కొడుకును ఏడ్సిన ఏడుపు. అడగకముందే నా మిషన్ల పడ్డది, తప్పు నాది. అటెన్క అడిగిన. ఉండనియ్యుమన్నది. సావు జరిగిన కాడ తప్ప లేపద్దన్నది. లేపనని మాటిచ్చిన.”

దాని తర్వాత అవ్వ ఏడుపు మొదలయ్యే చోట ఆపేశాను. అవ్వ చల్లారిన బువ్వలో పప్పు కలిపి నా చేతిలో ఒక ముద్ద పెట్టింది. మళ్లీ పెట్టమన్నట్టు మిషను వైపు చూసింది. మొదటికి తిప్పి మళ్లీ పెట్టాను. ఆ సంస్థవాళ్లు చప్పుడని కోసి పారేసింది ఇదే.